మీరు కత్తిరించిన ఆ కింది రెండంగుళాలు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ముంబై పెయింటర్ జితిష్ కల్లాట్ మీద వచ్చిన వ్యాసం చదివాను. ముందు థాంక్స్ చెప్పాలి. తెలుగు పేపర్లో ఒక పెయింటర్‌కి అర పేజీ ఇవ్వడం చూసి చాలా కాలమైంది, పొద్దున్నే పేజీ తిప్పగానే ఆ పిల్లాడి బొమ్మ కనిపిస్తే టీ పక్కన పెట్టేసి చదవడం మొదలుపెట్టాను. చదివాక మాత్రం మనసు బాగోలేదు. రెండు రోజులు రాయాలా వద్దా అనుకుని చివరికి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, మొత్తం వేయలేకపోయినా పర్లేదు, మీరైతే చివరిదాకా చదవండి.

వ్యాసంలో లండన్ ఉంది, పారిస్ ఉంది, షికాగో, వెనిస్, మెల్‌బోర్న్ అన్నీ ఉన్నాయి, ఏ ఊళ్లో ఎప్పుడు షో జరిగిందో వరసగా ఉంది. అంతర్జాతీయ ఖ్యాతి అనే మాట నాలుగుసార్లు వచ్చింది. ఆయన బొమ్మల్లో ఏముంటుందో మాత్రం ఒక్క వాక్యం, నగర జీవితాన్ని ప్రతిబింబించే చిత్రాలు అని. ఏ నగరం, అందులో ఎవరు, ఏం చేస్తున్నారు, అదేం లేదు. దానికన్నా నాకు ఎక్కువ బాధేసింది ఫొటో దగ్గర. మీరు వేసింది డాన్ కోరస్ అనే సిరీస్‌లో బొమ్మ, 2007 నాటిది. కిందిభాగం కత్తిరించేశారు. ఆ కాన్వాస్ మామూలు పటంలాగా గోడకి మేకు కొట్టి తగిలించేది కాదండీ, కింద కంచుతో పోత పోసిన జంతువుల తలలు ఉంటాయి, కాన్వాస్ వాటి మీద నిలబడి ఉంటుంది. పేజీలో చోటు చాలక ఎవరో ఆ కింది రెండంగుళాలు తీసేసి ఉంటారు, డెస్క్‌లో ఎంత హడావిడి ఉంటుందో ఊహించగలను. కానీ ఆ బొమ్మకి ఆ నగరానికి ఉన్న ముడి అంతా ఆ రెండంగుళాల్లోనే ఉంది. అది చెప్దామనే ఈ ఉత్తరం.

నేనెవరో చెప్తే నా బాధ అర్థమవుతుంది. మాది సిరిసిల్ల. మా బాపు పెళ్లికి ముందే బొంబాయి మిల్లుకి పోయాడు, అప్పట్లో మా వైపు సగం ఇళ్లల్లో అదే కథ, ఇక్కడ మగ్గం నడవకపోతే అక్కడ మిల్లు. లోయర్ పరేల్‌లో ఒక చాల్‌లో, అంటే మిల్లు పనోళ్లు ఉండే వరస గదుల బిల్డింగ్‌లో, ఒకటే ఖోలీ (గది), అందులో మేం ఆరుగురం. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైనప్పుడు నాకు పన్నెండేళ్లు. యూనియన్ లీడర్ దత్తా సామంత్ పిలుపు మీద దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపేశారు, ఆ సమ్మె అయిపోయిందని ఎవరూ చెప్పలేదు, మిల్లులే అయిపోయాయి. బాపు భివండిలో సాంచాల (పవర్‌లూమ్‌ల) మీదకి పోయాడు. మేం కళ్యాణ్‌లో స్థిరపడ్డాం. నేను కొంచెం చదువుకున్నాను కాబట్టి ఫోర్ట్ ఏరియాలో ఒక చిన్న ఆఫీసులో లెక్కలు రాసే పని దొరికింది, 19 ఏళ్లు కళ్యాణ్ నుంచి వీటీ, అంటే విక్టోరియా టెర్మినస్ దాకా లోకల్‌లో పోయి వచ్చాను. స్టేషన్ పేరు 1996లోనే మారింది, ఇప్పుడు ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్, కానీ మా ఇంట్లో ఇప్పటికీ అది వీటీయే, ముంబై ఇప్పటికీ బొంబాయే, అందుకని వీటీ అనే రాస్తున్నాను. బొమ్మల గురించి నాకు చదువు ఏం లేదు. నగరం గురించి మాత్రం ఉంది.

2011లో ఒక ఆదివారం మా అమ్మాయిని తీసుకుని బైకుల్లాలో రాణీ బాగ్‌కి పోయాం, జూ చూద్దామని. దాని గేటు పక్కనే పాత మ్యూజియం ఉంటుంది, భావు దాజీ లాడ్ మ్యూజియం, చిన్నప్పుడు బయట నుంచి చూడటమే గానీ లోపలికి పోయింది లేదు. ఆ రోజు ఎండ ఎక్కువగా ఉండి అమ్మాయి లోపలికి పోదాం అంది. లోపలికి పోతే వెదురు బొంగులు తాళ్లతో కట్టి నిలబెట్టి ఉన్నాయి, బిల్డింగ్‌కి రంగులు వేసేటప్పుడు కడతారే ఆ పరంజా లాగా. రిపేర్లు ఇంకా అయిపోలేదేమో అనుకున్నాను. అమ్మాయి దగ్గరికి పోయి, నాన్నా ఇవి వెదురు కాదు అంది. నిజంగానే కాదు, ప్లాస్టిక్ లాంటి రెజిన్‌తో పోత పోసినవి, వెదురు కణుపులతో సహా. వాటి మీద సన్నగా జంతువులు చెక్కినట్టు ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి పట్టుకుని, మింగుతూ. ఆ షో కల్లాట్‌ది అని అక్కడున్న బోర్డు చదివితే తెలిసింది, ఆ బొంగుల పేరు సర్కా, మొత్తం 120 ముక్కలు. నేను పేరు వినడం అదే మొదటిసారి.

ఆ జంతువులు వీటీ పోర్టికోలో రాయి మీద చెక్కినవని కూడా రాసి ఉంది. అది చదివి నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను సార్. 19 ఏళ్లు ఆ బిల్డింగ్ పక్కనుంచి నడిచాను. గేటు స్తంభాల మీద ఒక పక్క సింహం ఒక పక్క పులి ఉంటాయి, సింహం బ్రిటన్ పులి ఇండియా అని బాపు చిన్నప్పుడు చూపించాడు, అంతే నాకు తెలిసింది. మిగతా వాటి వంక ఒక్కరోజు తలెత్తి చూసింది లేదు. లోకల్ దిగడం, జనం తోస్తుంటే బయటికి రావడం, సబ్‌వేలోకి దిగిపోవడం, ఫోర్ట్ వైపు తేలడం. సాయంత్రం అదే తిరగేసి. మర్నాడు సోమవారం ఆఫీసుకి అరగంట లేటుగా పోయాను కావాలనే, పోర్టికో దగ్గర నిలబడి చూశాను. ఉన్నాయి. ఉడతలు, పిట్టలు, కోతులు, ఆకుల మధ్యలో ఏవేవో. పైన గోడల్లోంచి నోరు తెరుచుకుని బయటికి పొడుచుకొచ్చిన పెద్ద పెద్ద మృగాల తలలు. గార్గాయిల్ అంటారట వాటిని, వాన నీళ్లు గోడ మీద కారకుండా వాటి నోట్లోంచి దూరంగా పడేలా పాత కట్టడాల్లో పెట్టేవాళ్లట.

మీరు కత్తిరించేసింది ఆ తలలనే. వాటి నమూనాలోనే కంచు పోత పోసి, వాటి మీద తన కాన్వాసులు నిలబెట్టాడు కల్లాట్. రిక్షాపొలిస్ అని 2005 నుంచి వేసిన సిరీస్ ఉంది, దానికీ అవే కాళ్లు.

ఇందులో నన్ను బాగా పట్టుకున్న ఇంకో సంగతి తర్వాత తెలిసింది. వీటీని 1878లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు, ఎఫ్.డబ్ల్యూ. స్టీవెన్స్ డిజైన్. గోడల మీద ఆ చెక్కుడు పని, ఆకులు జంతువులు పిట్టలు, ఇవన్నీ చేసింది అప్పటి బాంబే స్కూల్ ఆఫ్ ఆర్ట్ స్టూడెంట్లు. అదే ఇప్పటి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్, వీటీ నుంచి అడుగుల దూరం, క్రాఫర్డ్ మార్కెట్ వైపు పోతుంటే తగులుతుంది. కల్లాట్ 1974లో ముంబైలో పుట్టాడు, పెయింటింగ్ చదివింది అదే జేజేలో, 1996లో డిగ్రీ అయింది. అంటే నూరేళ్ల కింద ఆ స్కూల్ పిల్లలు చెక్కిన జంతువుల్ని, అదే స్కూల్లో చదువుకున్న ఇంకో పిల్లాడు తీసుకొచ్చి తన బొమ్మలకి ఆసరాగా పెట్టాడు. ఆ పాతవాళ్ల పేర్లు మనకెవరికీ తెలీదు, బిల్డింగ్ అనగానే స్టీవెన్స్ పేరు చెప్తారు, స్టేషన్‌కి రాణి పేరు పెట్టారు. పని చేసిన చేతుల పేర్లు లేవు. మిల్లు మనిషి కొడుకుని కాబట్టి నాకు అది వెంటనే తగులుతుంది. ఆ కంచు తలలు చూసినప్పుడల్లా ఆ పేరు లేని పిల్లలే గుర్తొస్తారు నాకు.

ఇక పైన కాన్వాస్ మీద ఉన్న పిల్లాడి సంగతి. వ్యాసంలో ఒక బాలుడు అని రాశారు. వాడు సిగ్నల్ దగ్గర పుస్తకాలు అమ్మే పిల్లాడండీ. ముంబైలో ఎర్ర లైట్ పడగానే చేతి మీద గెడ్డం దాకా పుస్తకాలు పేర్చుకుని కార్ల మధ్యలోకి పరిగెత్తుకొస్తారు, వాళ్లు చదవలేని ఇంగ్లీషు పుస్తకాల పేర్లన్నీ గడగడా చెప్తారు. డాన్ కోరస్‌లో వేసింది వాళ్లనే, మనిషికన్నా పెద్ద సైజులో, సినిమా హోర్డింగ్ మీద హీరోని వేసినట్టు వేశాడు. ముఖం కింద నుంచి చూస్తూ పైకి పోతే జుట్టు దగ్గర ఆగిపోతాం. అక్కడ వెంట్రుకలు ఉండవు. బస్సులు, కార్లు, స్కూటర్లు, మనుషులు ఒకళ్ల మీద ఒకళ్లు పడి చిక్కుపడిపోయి, దువ్వెన పట్టని జుట్టులాగా నగరం మొత్తం ఆ పిల్లాడి నెత్తి మీద పెరిగి ఉంటుంది.

ఎందుకిలా వేశాడు అని ఎవరైనా అడిగితే నేను ఒకటే చెప్తాను, పొద్దున తొమ్మిదింటికి ఠాణే దాటిన లోకల్ ఒకసారి ఎక్కి చూడండి. చదరపు మీటరుకి 14 నుంచి 16 మంది నిలబడే రద్దీకి రైల్వే వాళ్లే ఒక ప్రత్యేకమైన పేరు పెట్టుకున్నారు. అందులో నా చెయ్యి ఎక్కడుందో నాకు తెలిసేది కాదు, పక్కవాడి టిఫిన్ డబ్బా నా పక్కటెముకల్లో, ఇంకొకడి ఊపిరి నా మెడ మీద. ఇంటికొచ్చి పడుకున్నా తలలోంచి ఆ చప్పుడు పోదు. తలలో ఉన్నదే తల మీద వేశాడు ఆయన. అది చూసి నాకు అర్థం కావడానికి ఎవరూ క్లాసు చెప్పక్కర్లేకపోయింది, మీ పాఠకులకి కూడా అక్కర్లేదు, బొమ్మ పూర్తిగా చూపిస్తే చాలు, పక్కన నాలుగు వాక్యాలు రాస్తే చాలు.

ఆ తర్వాత దొరికినవన్నీ చూస్తూ వచ్చాను, కొన్ని నేరుగా, చాలావరకు మా అమ్మాయి కంప్యూటర్లో చూపించగా. 365 లైవ్స్ అని ఒకటి ఉంది, 365 ఫొటోలు, అన్నీ బండ్ల మీద పడిన సొట్టలే, బాగా దగ్గర నుంచి తీసినవి. రంగు లేచిపోయి, లోపల తుప్పు, కొన్ని అచ్చం మనిషి ఒంటి మీద గాయంలాగా ఉంటాయి. ఆటో ఎముకల గూడు ఒకటి ఉంది, ఆటోసారస్ ట్రైపస్ అని పేరు, డైనోసార్‌కి పెట్టినట్టు, తవ్వితే బయటపడిన జంతువులాగా మూడు చక్రాలతో సహా అన్నీ ఎముకలే. బొంబాయి తెలిసినవాళ్లకి దీని మీద ఇంకో మాట తోస్తుంది. ఆటోలు సిటీ లోపలికి రాకూడదు అక్కడ, బాంద్రా దగ్గర, సయన్ దగ్గర ఆగిపోవాలి, అవతల అంతా టాక్సీలే. మా చాల్ ఉన్న చోటికి ఆటో రాదు. గేటు బయట నిలబెట్టిన బండి అది, దాన్నే ఆయన మ్యూజియంలోకి తెచ్చి పెట్టాడు.

మీకు, అంటే పేపర్ వాళ్లకి, తప్పకుండా తెలియాల్సిన పని ఒకటుంది, వ్యాసంలో దాని ఊసే లేదు. డెత్ ఆఫ్ డిస్టెన్స్ దాని పేరు, దూరం చచ్చిపోవడం. దాదాపు మనిషి ఎత్తున్న నల్లటి రూపాయి నాణెం ఒకటి నేల మీద నిలబెట్టి ఉంటుంది. గోడ మీద రాతలు, మనం ఇటు నుంచి అటు నడుస్తుంటే ఒక రాత పోయి ఇంకో రాత కనిపించే రకం, మన చిన్నప్పుడు స్కేళ్ల మీద దేవుడి బొమ్మలు మారేవి చూడండి అలాగ. ఆ రెండూ వార్తలే. ఒకటి, 2006లో ఒక రూపాయికే దేశంలో ఎక్కడికైనా ఫోన్ చేసుకోవచ్చని వచ్చిన పథకం. రెండోది, బడిలో అన్నానికి ఒక్క రూపాయి వాళ్లమ్మ ఇవ్వలేకపోయిందని ప్రాణం తీసుకున్న ఒక చిన్నపిల్ల. అదే రూపాయి. రెండూ పేపర్లో వచ్చినవే, బహుశా వేర్వేరు పేజీల్లో, ఒకటి పెద్ద హెడ్డింగ్‌తో ఒకటి కింద మూలన. ఆయన వాటిని ఒకేచోట పెట్టి, మధ్యలో ఆ నాణెం పెట్టాడు. నేను రోజూ పేపర్ చదివేవాణ్ని, ఈ పని గురించి తెలిసిన దగ్గర నుంచి మూలన ఉండే చిన్న వార్తలు ముందు చదువుతున్నాను.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. దాని పేరు ఎపిలోగ్, 2010, 11 ప్రాంతంలో చేసింది. కల్లాట్ వాళ్ల నాన్న 1998లో పోయారు, 62 ఏళ్లు బతికారు. ఆ 62 ఏళ్లలో ఆయన మీద ఉదయించిన చంద్రుళ్లన్నీ, ఒక్కో రాత్రికి ఒక్కో చంద్రుడు, 22,000 పైన, కొడుకు వరసగా చూపించాడు. 753 ఫొటోలు పట్టాయి. ఆ చంద్రుళ్లు ఏంటంటే రొట్టెలు. పౌర్ణమికి నిండు రొట్టె, రోజు రోజుకీ కొంచెం కొరికినట్టు తరుగుతూ, అమావాస్యకి ఏం లేదు, మళ్లీ చిన్న ముక్క. ఆ గదిలో నడిచి పోతుంటే ఒక మనిషి ఆయుష్షు మొత్తం నడిచినట్టు ఉంటుందట, చివరికి ఒక చంద్రుడి దగ్గర ఆగిపోతుంది.

నేను ఇది చూసింది స్క్రీన్ మీద మాత్రమే, అయినా లేచి బయటికి వెళ్లిపోయాను. సమ్మె రోజుల్లో మా అమ్మ చేసే రొట్టెలు లెక్కపెట్టి చేసేది. బాపు ఎప్పుడూ నేను తిన్నాను అనేవాడు, బయట ఎవరో పెట్టారు అనేవాడు. నేను నమ్మేవాణ్ని, పన్నెండేళ్ల పిల్లాణ్ని కదా. బాపు సగం కొరికి పక్కన పెట్టిన రొట్టె మా చెల్లె ప్లేట్లోకి ఎట్లా వచ్చేదో అప్పుడు నాకు తట్టలేదు. తెల్లారి లేస్తే మళ్లీ యూనియన్ మీటింగ్‌కి పోయేవాడు. ఆ మనిషి జీవితం కూడా రొట్టెల్లోనే లెక్కపెట్టాలి, నెలల్లో సంవత్సరాల్లో లెక్కపెడితే కుదరదు. నాకు ఎవరూ ఆ లెక్క నేర్పలేదు, ఒక పెయింటర్ నేర్పాడు.

అందుకే అంతర్జాతీయ ఖ్యాతి అనే మాట దగ్గర నాకు కొంచెం మంట. ఖ్యాతి రాకూడదని కాదు, ఆయనకి వచ్చినంతా న్యాయంగా వచ్చిందే. 1997లో మొదటి సోలో షో, 2001లో లండన్ టేట్ మోడర్న్‌లో సెంచురీ సిటీ అని పెద్ద షో పెట్టారు, లండన్, న్యూయార్క్, పారిస్, టోక్యో లాంటి తొమ్మిది నగరాల మీద, అందులో మన ముంబై ఒకటి, అందులో ఆయన పనులున్నాయి, షట్టర్ల మీద బొమ్మలు వేసే అతుల్ దోడియా పనులున్నాయి. అక్కడ నుంచి దారి తెరుచుకుంది. నేను అనేది ఏంటంటే బయటి నగరాలు ఆయన్ని పిలిచింది ఈ నగరాన్ని పట్టుకుని ఉన్నందుకే, వదిలేసినందుకు కాదు, ఇప్పటికీ ముంబైలోనే ఉంటాడు, అక్కడే పని చేస్తాడు. వ్యాసం చదివితే ఆయన ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి తిరిగే మనిషిలాగా ఉంది.

పోనీ బయట చేసిన పనులైనా సరిగ్గా చెప్పారా అంటే అదీ లేదు. షికాగోలోనూ ప్రదర్శించారు అని అర వాక్యం. అక్కడ ఏం చేశాడో తెలిస్తే మన పాఠకులు ఎంత సంతోషపడేవాళ్లు! 1893 సెప్టెంబర్ 11న వివేకానందుడు సర్వమత సభలో మాట్లాడింది ఇప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ షికాగో ఉన్న బిల్డింగ్‌లోనే. మతోన్మాదానికి ఇక చావుగంట మోగాలని ఆశపడిన ప్రసంగం అది. సరిగ్గా అదే తారీఖున, 108 ఏళ్ల తర్వాత, 2001లో న్యూయార్క్‌లో ఆ టవర్లు కూలాయి. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వం ప్రమాదం ఎంతుందో చెప్పడానికి అయిదు రంగులు పెట్టింది, ఎరుపు నారింజ పసుపు నీలం ఆకుపచ్చ అని. కల్లాట్ వివేకానందుడి ఆ ప్రసంగం మొత్తాన్ని అవే అయిదు రంగుల లైట్లతో, మ్యూజియం పెద్ద మెట్ల మీద, 118 మెట్ల నిలువు పలకల మీద రాశాడు. 2010 సెప్టెంబర్ 11న తెరిచారు. పైకి ఎక్కాలంటే ఆ మాటలు చదువుకుంటూ ఎక్కాల్సిందే, ఒక్కో మెట్టుకి ఒక్కో వరస. పబ్లిక్ నోటీస్ 3 దాని పేరు. మీ పేపర్లో వెనక పేజీల్లో వస్తాయి కదా పబ్లిక్ నోటీసులు, పొలం కాగితాలు పోయాయని, ఆస్తి మీద అభ్యంతరాలుంటే చెప్పమని, ఆ పేరే పెట్టాడు. మొదటిది 2003లో నెహ్రూ అర్ధరాత్రి ప్రసంగం, అద్దాల మీద జిగురుతో రాసి నిప్పు పెట్టి కాల్చాడు, చదువుతుంటే కాలిన అక్షరాల వెనక మన ముఖం వంకరగా కనిపిస్తుంది. రెండోది 2007లో దండి యాత్రకి ముందు రోజు గాంధీగారు మాట్లాడిన మాటలు, ఒక్కో అక్షరం ఒక్కో ఎముకలాగా చేసి.

వెనిస్ సంగతి కూడా ఇంతే. 2019లో వెనిస్ బినాలేలో, అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద ఆర్ట్ షోలో, ఇండియా పెవిలియన్ పెట్టారు, మనకి 2011 తర్వాత మళ్లీ అప్పుడే. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే ముందు, 1939 జూలై 23న గాంధీ హిట్లర్‌కి రాసిన ఉత్తరాన్ని పైనుంచి కిందకి జారుతున్న పొగమంచు తెర మీద చూపించాడు అక్కడ. అక్షరాలు పడుతుంటాయి, మంచు కదిలిపోతుంటుంది. దాంట్లోంచి మనుషులు నడిచి పోవచ్చు, ఉత్తరం ఒంటి మీద పడి చెదిరిపోతుంది. చేరని ఉత్తరం చేతికి అందకుండా చూపించడం, దీన్ని ఒక పేరాలో రాయడానికి ఎంత చోటు కావాలి చెప్పండి? 2014లో కొచ్చి బినాలే మొత్తం ఆయనే నడిపించాడు, 30 దేశాల నుంచి 94 మంది ఆర్టిస్టులు వచ్చారు, అది హైదరాబాద్ నుంచి రైల్లో ఒక రోజు ప్రయాణం దూరం, మనవాళ్లు పోయి చూడగలిగిన చోటు. వ్యాసంలో దాని మాటే లేదు.

ఇదంతా మీ రిపోర్టర్ గారి మీద కోపంతో రాస్తున్నాను అనుకోకండి. బొమ్మల మీద రాసేటప్పుడు మన పేపర్లలో ఇదొక అలవాటు అయిపోయింది, ఆర్టిస్ట్ ఎక్కడెక్కడికి పోయాడు, ఏ అవార్డు, ఎవరు ప్రారంభించారు, జ్యోతి వెలిగించింది ఎవరు. బొమ్మ ఎంత పెద్దది, దేంతో చేశారు, దగ్గరికి పోతే ఏం కనిపిస్తుంది, దూరంగా నిలబడితే ఏం కనిపిస్తుంది, ఇవి రాయరు. క్రికెట్ మ్యాచ్‌కి ఒక్కో ఓవర్ రాస్తారు, ఏ బంతి ఎటు తిరిగిందో కూడా రాస్తారు, చదివితే చూసినట్టే ఉంటుంది. అంత శ్రద్ధ బొమ్మకి కూడా పెట్టొచ్చు. పాఠకులకి అర్థం కాదేమో అని భయం వద్దు, మా చాల్‌లో చదువు రాని ఆడవాళ్లు గణపతి పందిరి డెకరేషన్ చూసి ఏది బాగుందో ఏది బాలేదో ఎందుకో కూడా చెప్పేవాళ్లు.

మన దగ్గర కూడా రాయాల్సినవాళ్లు ఉన్నారు. మా జిల్లాలోనే బూరుగుపల్లి, తోట వైకుంఠం గారి ఊరు, ఆయన వేసిన పెద్ద బొట్టు ఆడవాళ్లని చూస్తే మా మేనత్తలే కనిపిస్తారు, దాని మీద మీ పేపర్ చాలాసార్లు రాసింది, సంతోషం. ఊరు వదిలి నగరానికి పోయినవాళ్ల బొమ్మ ఎవరు వేశారు అని కూడా వెతకండి. మధిరలో పుట్టి హైదరాబాద్‌లో బతికిన సూర్యప్రకాశ్ గారు 2019లో పోయారు, ఆయన ఒకప్పుడు తుక్కు కింద పడేసిన పాత కార్లనీ ఇంజన్లనీ పెయింటింగులుగా వేశారు, నగరం వాడి పారేసినదాన్ని అంత ప్రేమగా చూసినవాళ్లు తక్కువ. ఆయన మీద ఒక ఆదివారం ఇవ్వండి. ముంబైలో సుధీర్ పట్వర్ధన్ అని ఉన్నారు, ఠాణేలో ఎక్స్‌రేలు చూసే డాక్టర్‌గా పని చేస్తూనే లోకల్ రైళ్లలో తిరిగే మామూలు మనుషుల్ని ఏళ్ల తరబడి వేశారు, 2001లో వేసిన ఒక పెద్ద బొమ్మ పేరే లోయర్ పరేల్. మా బాపు పేట పేరు అది. బొంబాయిలో, భివండిలో, సూరత్‌లో ఉన్న మనవాళ్లు మీ పేపర్ ఫోన్లో చదువుతారు, వాళ్లు ఉన్న వీధులు ఒక బొమ్మలో ఉన్నాయని తెలిస్తే వాళ్లకి ఎంతుంటుందో నేను చెప్పగలను, ఎందుకంటే నాకు అంత ఉంది.

అడిగేది ఒకటే. ఆ డాన్ కోరస్ బొమ్మ మళ్లీ ఒక్కసారి వేయండి, ఈసారి వ్యాసం లేకపోయినా సరే, కింద కంచు తలలు కనిపించేలా, పూర్తిగా. బొమ్మ పేరు, ఏడాది, దేంతో చేశారో కింద రాయండి. ఆ పిల్లాడు పుస్తకాలు అమ్ముతాడని రాయండి. వీటీ గోడలు చెక్కినవాళ్లు జేజే స్టూడెంట్లని కూడా ఒక లైన్ వేస్తే, చోటుంటేనే, ఇంకా సంతోషం. మా అమ్మాయి ఇప్పుడు పూణేలో ఉద్యోగం చేస్తోంది, ఆ పేజీ కత్తిరించి తనకి పోస్టులో పంపాలి, పోయిన ఆదివారానిది మాత్రం పంపలేకపోయాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
సిరిసిల్ల